ప్రియదర్శిని పెట్టెకు తాళము ఎవరిది?

భద్రాచలము నుండి గోదావరి వెంబడి ఎగువకు 30 కిలోమీటర్లకు పైగా పోయినచో దుమ్ముగూడెము మండలములో పర్ణశాల యను పల్లె కలదు. సీతారాములు వనవాసకాలమున కుటీరము కట్టుకొనినది ఇక్కడనే యని జనుల విశ్వాసము. వాగు ఒడ్డున రాళ్ళమీద కనిపించు చారలను చూపి, సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులివి యని అక్కడివారు యాత్రికులకు చెప్పుదురు. కుటీరమువద్ద బొమ్మలు నిలిపినారు. సన్న్యాసి రూపమున రావణుడు, భిక్ష తెచ్చిన సీత, కొంచెము ఎడముగా బంగారు లేడి. పెద్దలు సీతమ్మకు నమస్కరించి కదలుదురు. పిల్లలు మాత్రము లేడిని విడిచి రారు.

ఆ లేడి కంటికి నిండుగా కనిపించును, చేతికి అందదు. తరిమినవాడు అడుగు వేసిన కొలది తాను అడుగు జరుగును. ఎంత దూరము తీసికొనిపోయినదో వెనుదిరిగి చూచిన తరువాత గాని తెలియదు. ఈ కాలమున వర్చువల్ రియాలిటీ యని పిలువబడుచున్న ఆటలపెట్టె చేయు పనియు సరిగా ఇదియే. అయితే లక్ష్మణునికి సందేహము కలిగినది లేడి అందమును గూర్చి కాదు. ఆ అందము వెనుక ఎవడున్నాడు, ఎవని ఆజ్ఞమీద అది గంతులు వేయుచున్నది అనియే ఆతని ప్రశ్న. ఆ ప్రశ్నను కంప్యూటరు ఆటల లోకములో ఇప్పుడు లినక్స్ పక్షమువారు అడుగుచున్నారు. భద్రాద్రి అడవి అంచున నివసించువారికి ఆ ప్రశ్నతో పనియేమి యనునదే ఇక్కడ విచారింపవలసిన విషయము.

ముఖమునకు కట్టుకొను ఈ పెట్టెను గూర్చి తెలుగువారికి ఎవరును కొత్తగా చెప్పనక్కరలేదు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన 'మాయాబజార్' చిత్రములో ప్రియదర్శిని యను పెట్టె ఒకటి ఉన్నది. మూత తెరచి చూచినవారికి వారికి మిక్కిలి ప్రియమైనదేదో అదియే అందు కనిపించును. శశిరేఖకు అభిమన్యుడు కనిపించెను. బలరామునకు దుర్యోధనుడు కనిపించెను. ఆ చిత్రము చూచి నవ్వుకొనినవారి మనుమలకు నేడు ఆ పెట్టె అంగడిలో దొరకుచున్నది. భేదము ఒక్కటే. కృష్ణుడిచ్చిన పెట్టె శశిరేఖ సొత్తు. అంగడిలో కొన్న పెట్టెకు తాళము మాత్రము చాలసార్లు కొన్నవాని చేతికి రాదు.

ఈ యంత్రము చేయు పని చెప్పుటకు తేలిక, చేయుటకు కష్టము. పెట్టెలో కంటికొక అద్దము, అద్దము వెనుక తెర. రెండు కండ్లకు కొంచెము భేదము గల రెండు బొమ్మలు చూపినచో మనస్సు వానిని కలిపి లోతును కల్పించుకొనును. ఈ రహస్యము పందొమ్మిదవ శతాబ్దమునాటి స్టీరియోస్కోపుకే తెలియును. కొత్తదనమంతయు తల తిప్పుటలో ఉన్నది. తల ఎటు తిరిగిన దృశ్యము అటు తిరుగవలెను. తల కదలుటకును, కదలికకు తగిన బొమ్మ కంట పడుటకును నడుమ 20 మిల్లీసెకనులు, అనగా సెకనులో ఏబదియవ వంతు, మించరాదు. మించెనా, కన్ను ఒకటి చెప్పును, చెవిలోని సమతూకము తెలుపు అవయవము మరియొకటి చెప్పును. నడుమ కడుపు తిప్పును. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలును. ఇక్కడ 90 బొమ్మలైనను కావలెను, అదియు ప్రతి కంటికి, ఒక్కటియు ఆలస్యము కాకుండ. తోలుబొమ్మలాటలో దీపము ఒకసారి రెపరెపలాడినను ప్రేక్షకుడు సహించును. ఈ ఆటలో సహింపడు, పెట్టె తీసి పారవేయును.

ఇంత సున్నితమైన పని చేయవలెనన్న కంప్యూటరు అడుగున ఉన్న మూలవ్యవస్థ, దానిమీది బొమ్మలు గీయు చిప్పు, ఆ చిప్పును నడుపు ప్రోగ్రాము, పెట్టెలోని కెమేరాలు, అన్నియు ఒక్క తాళమునకు నడువవలెను. ఒకే సంస్థ అన్నిటిని తయారుచేసినచో ఆ మేళము కుదురుట సులభము. లినక్స్‌కు వచ్చిన కష్టము ఇక్కడనే యున్నది. అది ఒకరి సొత్తు కాదు గనుక దానికొక యజమాని లేడు. యజమాని లేడు గనుక మేళగాండ్రను కూర్చుండబెట్టువాడును లేడు.

1991 ఆగస్టు 25న ఫిన్లండు దేశములో హెల్సింకి విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకై ఒక మూలవ్యవస్థను వ్రాయుచున్నానని లోకమునకు తెలిపెను. అదే సంవత్సరము అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు అక్షరములకు చోటు దొరకినది. రెండు సంగతులకును సంబంధము లేదు గాని, రెండును కలిసినపుడు మాత్రము తెలుగువానికి ఒక మేలు జరిగినది. మూలము బయలుగా ఉన్న వ్యవస్థ గనుక, దానిని తెలుగులోనికి మార్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేకపోయినది. 2005లో హైదరాబాదు కేంద్రముగా ఏర్పడిన 'స్వేచ్ఛ' సంస్థ డెబియన్‌ను ఆధారముగా తీసికొని తెలుగు మూలవ్యవస్థను తయారుచేసినది. బడిపిల్లలకై 'బాలస్వేచ్ఛ'ను వేరుగా కూర్చినది. పెద్ద కంపెనీ తెలుగును గుర్తించువరకు ఆగనవసరము లేదని చూపుటయే ఆ పనిలోని ఘనత. పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి లినక్స్ మీదనే పాఠములు చెప్పుచున్నవి. తెలుగునాట అంతటి నిలుకడ ఇంకను రాలేదు. ఇది చెప్పుకొనుటకు సంకోచింపవలసిన మాట కాదు.

వర్చువల్ రియాలిటీ విషయమున లినక్స్ ప్రయాణము ఆశతో ఆరంభమై త్వరలోనే అవమానము చూచినది. 2012లో ఓకులస్ యను చిన్న సంస్థ ప్రజల చందాలతో సుమారు 24 లక్షల డాలర్లు పోగుచేసి హెడ్‌సెట్టు నిర్మాణమునకు పూనుకొన్నది. మొదటి నమూనాలు లినక్స్‌మీదను పనిచేసినవి. 2014లో ఫేస్‌బుక్ దానిని కొన్నది. 2015 మేలో, విండోసు మీద దృష్టి నిలుపుటకై లినక్స్ పనిని ఆపివేయుచున్నామని ఓకులస్ ప్రకటించినది. చందా వేసినవారిలో లినక్స్‌వాడు కూడ ఉన్నాడు గదా యని అడిగిన, సమాధానము చెప్పవలసిన బాధ్యత ఎవరికిని లేదు. చందా వేసిన గుడిలోనికి చందాదారుని రానీయకపోవుట ఎటువంటిదో, ఇదియు అటువంటిదే.

దాదాపు రెండేండ్లు గడచిన తరువాత, 2017 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ తన స్టీమ్‌విఆర్‌ను లినక్స్‌కు తెచ్చినది. ఆ పనిలో ఒక చిక్కు కలిగినది, చెప్పుకొనదగినది. హెడ్‌సెట్టును తగిలింపగానే లినక్స్ దానిని మరియొక మామూలు తెరగా ఎంచి, తన కిటికీలను, బొమ్మలను అందు పరచుటకు పూనుకొనుచుండెను. ఆటకు కావలసినదో, ఆ తెరపై నిరాటంకమైన అధికారము. నడుమ ఎవరు వేలు పెట్టినను 20 మిల్లీసెకనుల గడువు దాటిపోవును. దీనిని పరిష్కరించినవాడు కీత్ ప్యాకర్డ్. ఎక్స్ విండో వ్యవస్థను దశాబ్దములుగా మోసిన అనుభవజ్ఞుడు. ఆయన ఎన్నుకొన్న మార్గము కౌలు. తెర యజమాని తెరను అమ్ముటలేదు, వదలుకొనుటలేదు. ఆట నడచినంతకాలము ఆ ఒక్క తెరను దానికి కౌలుకిచ్చును. ఆట ముగియగానే, లేదా నడుమ ఆగిపోయినను, తెర తిరిగి యజమాని చేతికి వచ్చును. 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15లో ఈ ఏర్పాటు చేరినది. ఏజెన్సీ గ్రామములలో 1/70 చట్టమును గూర్చి తెలిసినవారికి కౌలు వేరు, హక్కు వేరు అను సంగతి వివరింపనక్కరలేదు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఆ మాటనే వాడుట కేవలము యాదృచ్ఛికమైనను, ముచ్చటగా ఉన్నది.

తరువాతి అడుగులు వేగముగా పడినవి. అంతవరకు ఒక్కొక్క హెడ్‌సెట్టుకు ఒక్కొక్క భాష. ఆట వ్రాయువాడు ఎన్ని పెట్టెలున్నవో అన్ని విధములుగా వ్రాయవలసివచ్చెడిది. 2019 జూలైలో క్రోనోస్ గ్రూప్ ఓపెన్‌ఎక్స్‌ఆర్ యను ఉమ్మడి ప్రమాణమును వెలువరించినది. అదే సంవత్సరము కొల్లాబోరా సంస్థ మొనాడో యను పేర ఆ ప్రమాణమును పాటించు ప్రోగ్రామును, మూలము బయలుపరచి, లినక్స్‌పై ఆరంభించినది. 2020 మేలో 'హాఫ్ లైఫ్: అలిక్స్' యను పెద్ద ఆట లినక్స్‌మీద నేరుగా ఆడుటకు వీలైనది. విండోసుకై వ్రాసిన ఆటలను లినక్స్‌పై నడిపించు ప్రోటాన్ 2018లో వచ్చియుండుటచేత మిగిలిన ఆటలకును దారి తెరచుకొన్నది. 2025 నవంబరులో వాల్వ్, స్టీమ్ ఫ్రేమ్ యను హెడ్‌సెట్టును ప్రకటించినది. కంప్యూటరునకు తగిలింపకయే నడువగల ఆ పెట్టెలోపల ఉన్నది లినక్స్‌మీద కట్టిన స్టీమ్‌ఓఎస్. పదేండ్లక్రితము వాకిలి బయట నిలువబెట్టబడినవాడు ఇప్పుడు ఇంటి దూలమైనాడు.

ఇందుకు పొంగిపోవుట తొందరపాటగును. స్టీమ్ వాడుకరుల లెక్కలలో లినక్స్‌వారు 2025 అక్టోబరులో మొదటిసారిగా నూటికి మూడు దాటినారు. ఆ లెక్కలలోనే హెడ్‌సెట్టు గలవారు నూటికి ఇద్దరు ప్రాంతమున ఉందురు. ఈ రెండు కొద్దిపాటి గుంపులు కలియుచోటు అడవిలో కాలిబాటకంటె సన్నము. మరియొక సంగతి. వాల్వ్ లినక్స్‌ను ఆదరించుట తన వ్యాపారము మైక్రోసాఫ్ట్ చేతిలో చిక్కకుండుటకై. స్టీమ్‌విఆర్ మూలము నేటికిని మూసియే యున్నది. దొర దయ కలిగినవాడైనను దొరయే. మొనాడో వంటి ప్రయత్నము మెల్లగా నడచినను, అది నడచుచుండుటయే ముఖ్యము. ఇంకను విచిత్రమేమనగా, ఎక్కువగా అమ్ముడుపోవుచున్న మెటా క్వెస్ట్ పెట్టె కడుపులోనున్న ఆండ్రాయిడ్ కూడ లినక్స్ గర్భమున పుట్టినదే. విత్తనము ఊరిది, కంచె మాత్రము కంపెనీది.

కంచెలోపల కట్టిన లోకమునకు ఏమగునో చూచుటకు దూరము పోనక్కరలేదు. 'ఎకో విఆర్' యను ఆట ఉండెడిది. భారము లేని ఆకాశములో తేలుచు ఆడు ఆట. దేశదేశములవారు అందులో స్నేహితులైరి. మెటా సంస్థ 2023 ఆగస్టు 1న దానిని మూసివేసినది. పెట్టె ఉన్నది, ఆట ఉన్నది, ఆడువారున్నారు; తలుపు తెరచు యంత్రము మాత్రము సంస్థ చేతిలో ఉండెను. గూగులు తన డేడ్రీమ్‌ను 2019లో వదలివేసినది. మైక్రోసాఫ్ట్, 2017లో ఎన్నో కంపెనీలచేత తయారుచేయించి అమ్మించిన మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్లకు 2023 డిసెంబరులో సెలవు చెప్పి, 2024లో వచ్చిన విండోసు 11 కూర్పులోనుండి ఆ భాగమునే తొలగించినది. వేలు పోసి కొన్న పెట్టెలు ఒక్క మార్పుతో చెక్కముక్కలైనవి.

ఇక్కడనే లినక్స్ తన గుణమును చూపినది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయములో పుట్టిన బసాల్ట్ యను ప్రోగ్రాము, కెమేరా చూచిన దృశ్యమునుబట్టి పెట్టె గదిలో ఎక్కడ ఉన్నదో లెక్కకట్టును. మొనాడో పనివారు దానిని చేర్చి, మైక్రోసాఫ్ట్ విడిచిపెట్టిన హెడ్‌సెట్లను లినక్స్‌పై తిరిగి నడిపించుచున్నారు. అన్నియు సక్రమముగా నడచుచున్నవని చెప్పరాదు. చేతిలో పట్టుకొను కర్రలు కొన్నిసార్లు దారి తప్పును, అమరికకు ఓపిక కావలెను. అయినను చచ్చినదని పాతిపెట్టబడిన వస్తువు లేచి కూర్చుండుట చిన్న విషయము కాదు. పాత వస్తువును బాగుచేసికొని వాడుకొనుట పేదదేశములకు సహజమైన విద్య. ఖమ్మము బజారులో పాత రేడియోను విప్పి కూర్చిన మెకానిక్కునకు ఈ స్వభావము ఎవరును నేర్పలేదు. చేతికి విప్పుటకు వీలుండవలెను, అంతే.

ఈ కథయంతయు ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున ఎందుకు చెప్పుకొనవలెననగా, ఇచ్చటి లోకమొకటి కరగిపోవుచున్నది గనుక.

భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరిలో ఉండి, ఆ యేట ఖమ్మము జిల్లాలో కలిసినది. 2014లో రాష్ట్రము రెండైనపుడు పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. గీతలు ఎన్ని మారినను గోదావరి మారలేదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీరు 75.6 అడుగులు చూచినది. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. వరద వచ్చి పోవును. పోలవరము నీరు వచ్చి పోవునది కాదు. ఆనకట్టలో నీరు నిండుమట్టము 45.72 మీటర్లకు చేరినచో, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు వైపున ఊళ్ళకు ఊళ్ళు లోపలికి పోవును. ప్రాజెక్టుచేత ఇల్లు కదలవలసిన కుటుంబములు లక్షకు పైబడినవి. వారిలో పెద్ద భాగము కోయలు, కొండరెడ్లు. కొన్ని పల్లెలు ఇప్పటికే ఖాళీ అయినవి. ఇంటికి బదులు ఇల్లు ఇత్తురు. వేల్పు నిలిచిన చెట్టునకు, పండుగనాడు కొమ్ముకోయలు ఆడిన మైదానమునకు, వాగులో స్నానపురేవునకు బదులు లేదు.

మణుగూరు మండలములో కూనవరమను మరియొక పల్లె ఉన్నది. శబరి గోదావరులు కలియు కూనవరము కాదు. ఆ పల్లెవాడు సకిని రామచంద్రయ్య. డోలి కొట్టుచు కోయల గోత్రచరిత్రలను, సమ్మక్క సారలమ్మల కథను తెలుగులోను కోయభాషలోను పాడిన పెద్దమనిషి. 2022లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. 2024లో ఆయన గతించెను. డోలి కళాకారులు గోత్రకథల బొమ్మలు గల పడిగె యను గుడ్డను పట్టి, బొమ్మ చూపుచు పాట నడుపుదురు. చూచువాడు ఆ గుడ్డలోనికి పోయి తన తాతముత్తాతల నడుమ నిలుచును. కరెంటు అక్కరలేని వర్చువల్ రియాలిటీ అది. దానికి తాళము డోలి పట్టినవాని గొంతులో ఉండెను. గొంతు ఆగినచో గుడ్డ మిగులును, కథ మిగులదు.

మునుగు పల్లెను, పాడు గొంతును ఒక లోకముగా కూర్చి, పునరావాస కాలనీలో పుట్టిన పిల్లవాడు ఆ పెట్టె కట్టుకొని తాతగారి ఊరిలో తిరుగునట్లు చేయుట సాధ్యమా? సాధ్యమే. మామూలు కెమేరాతో ఒక ఇంటిని అన్ని వైపులనుండి వందల ఫొటోలు తీసినచో, కోల్‌మ్యాప్, మెష్‌రూమ్ వంటి స్వేచ్ఛా ప్రోగ్రాములు ఆ ఫొటోలను పోల్చి, ఇంటి ఆకారమును మూడు కొలతలలో నిర్మించును. దానిని బ్లెండర్‌లో చక్కజేయవచ్చును. గోడో యను ఆటల యంత్రములో పెట్టి, ఓపెన్‌ఎక్స్‌ఆర్ ద్వారా హెడ్‌సెట్టునకు పంపవచ్చును. ఇవన్నియు లినక్స్‌మీద నడచును. దేనికిని రొక్కము కట్టనక్కరలేదు. అటువంటి లోకములో ఆటయు ఉండవచ్చును. గోదావరి పొంగుచున్నది, ఏ దిబ్బకు పోవలెను, మేకలను ముందు తోలవలెనా, గింజల బుట్టను ముందు దింపవలెనా అను ఆట తుపాకి ఆటకంటె తక్కువ ఉత్కంఠ కలిగించునా?

చిక్కులు లేకపోలేదు. ప్రోగ్రాములు స్వేచ్ఛవైనను, ఫొటోలనుండి ఆకారము తీయుటలోని భారమైన ఘట్టము ఎన్విడియా కంపెనీ చిప్పునే కోరును. తాళము ఒక గది తలుపునుండి తీసి మరియొక గదికి వేసినట్లయినది. హెడ్‌సెట్ల ధర సామాన్యునికి అందదు. వాల్వ్ ఇండెక్స్ పూర్తి సరంజామా 2019లో 999 డాలర్లకు వచ్చినది. ఆశ ఎక్కడ ఉన్నదనగా, క్వెస్ట్ వంటి చౌకపెట్టెకు లినక్స్ కంప్యూటరునుండి దృశ్యమును గాలిలో పంపగల వైవిఆర్ఎన్, ఎఎల్‌విఆర్ యను ప్రోగ్రాములను ఔత్సాహికులు నడుపుచున్నారు. బడికొక పెట్టె ఉండినను, వంతులవారీగా పిల్లలు చూడవచ్చును. మెటా తన పెట్టెలకు 2023 వరకు పదమూడేండ్లలోపువారిని అనుమతింపలేదు, తరువాత పదేండ్లకు దింపినది. పసిపిల్లల కండ్లకు గంటల తరబడి దీనిని కట్టుట ఎవరును కోరతగదు. పులిజూదము, వామనగుంటలు ఆడిన పిల్లవాడు ఆట ముగియగానే లేచి పోయెడివాడు. ఈ ఆటనుండి లేచుట నేర్పవలసిన పెద్దలకు ముందుగా ఈ ఆట తెలియవలెను.

తెలుగు చదువరికి ప్రత్యేకముగా తెలియవలసినది ఒకటి ఉన్నది. ఆటల లోకములో తెలుగు అక్షరము ఎంతకాలము అనాథగా తిరిగినదో చెప్ప శక్యము కాదు. క్షకారము, స్త్రీ యను మాట, ఒత్తులు గల ఏ పదమైనను ఆట తెరపై విడివిడిగా చెదరి, పొల్లులతో పడియుండెడిది. అక్షరములను వరుసగా పేర్చుట వేరు, వానిని ఒకదానికొకటి పొదిగి రూపు దిద్దుట వేరు. ఇంగ్లీషువాడు కట్టిన యంత్రమునకు రెండవ పని తెలియదు. ఆ పని చేయు హార్ఫ్‌బజ్ యను స్వేచ్ఛా ప్రోగ్రాము లినక్స్ లోకములో పెరిగినది. 2023 మార్చిలో వెలువడిన గోడో నాలుగవ కూర్పులో అది చేరుటతో, ఆటలో తెలుగు ఒత్తులు తమ స్థానములో నిలుచుచున్నవి. కోయభాషను వ్రాయుటకు తెలుగు లిపిని వాడుచున్నారు గనుక అదియు దీనితోనే గట్టెక్కినది. కంపెనీల యంత్రములలో ఈ లోపమును గూర్చి మొరపెట్టుకొన్నవారికి ఏండ్ల తరబడి దొరకినది నిరీక్షణయే. మూలము తెరచియున్నచోట మొరపెట్టుకొనువాడే పనిచేసికొనవచ్చును. వేయి ఉపన్యాసములు చెప్పలేని సంగతిని ఈ ఒక్క వట్రుసుడి చెప్పుచున్నది.

ఇంతకు మించిన సందేహము మరియొకటి. కోయల వేల్పు కథను ఆటగా మార్చుటకు హక్కు ఎవరిది? పట్టణమునుండి వచ్చినవాడు ఫొటోలు తీసికొని, పాట ఎత్తుకొని, తన సంస్థ అంగడిలో అమ్మజూచినచో అది మాయలేడి కాక మరేమి? గోత్రకథలలో బయటివారి ఎదుట చెప్పనివి కూడ ఉండవచ్చును. ఏది చెప్పవలెనో ఏది దాచవలెనో నిర్ణయించుట గూడెపు పెద్దల వంతు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సర్వమును బయట పెట్టుమని కోరునని కొందరి అపోహ. అది బయట పెట్టుమనునది యంత్రపు మూలమును. యంత్రములో పోసిన కథను కాదు. గూడెము తన లోకమును తన బడిలోని కంప్యూటరులో ఉంచుకొని, తాళము తన మొలకు కట్టుకొనుటకు లినక్స్ అడ్డము రాదు. అమెరికాలో ఉన్న సంస్థ యంత్రములో ఉంచిన లోకమునకు అట్టి హామీ లేదు. ఎకో విఆర్ ఆడినవారిని అడిగిన చెప్పుదురు.

పోలవరము మొదటి దశలో నీరు నిలుపదలచిన మట్టము 41.15 మీటర్లు. ఆ గీతకు లోపల ఉన్న పల్లెలలో ఇండ్లవారు దూలములను, పెంకులను విప్పి బండ్లకెత్తినారు. గోడలు కొన్ని నిలిచియున్నవి. 41.15 మీటర్లకు పైన, 45.72కు లోపల ఉన్న పల్లెలలో ఇంకను పొయ్యి రగులుచున్నది, కోడి కూయుచున్నది, సాయంకాలము డోలి వినవచ్చుచున్నది. అక్కడికి తీసికొనిపోవలసిన సామగ్రి పెద్దదేమియు కాదు. ఒక కెమేరా, ధ్వని పట్టు పెట్టె, ఎక్కడనో అటకెక్కిన కంప్యూటరొకటి, దానిలో లినక్స్. కావలసిన మనుష్యులు ఇద్దరు: ఫొటో తీయగల కుర్రవాడొకడు, ఏ చెట్టుకింద ఏ వేల్పు ఉన్నదో, ఏ వాగునకు కోయలో ఏమి పేరో తెలిసిన అవ్వ ఒకతె. తీయవలసిన కాలము వేసవి. వానలు పడినచో గోదావరి వెనుకనీరు శబరి మీదుగా ఎక్కి దారులు మూసివేయును.